మృదంగ విద్వాంసులు శ్రీ తంజావూరు రంగనాథన్

మన పల్లెలలో పెండ్లి జరిగినను, శ్రీరామనవమికి భజన సాగినను, రచ్చబండయొద్ద చెక్కభజన ఆడినను, అందరికంటె ముందుగా వినవచ్చునది వాద్యపు దెబ్బయే. ఆ దెబ్బ విని ఇంటిలోనివారు వాకిటికి వత్తురు. పాడినవాని పేరు ఊరెల్ల ఎరుగును. నాట్యమాడినవారి పేరు ఎరుగును. ప్రక్కన కూర్చుండి తాళము తప్పకుండ వాయించినవాని పేరు అడుగువారు మాత్రము అరుదు. పాట బాగున్నచో ఖ్యాతి గాయకునిది. లయ తప్పినచో నింద వాద్యకానిది. ఇది లోకమున చాల కాలముగా వచ్చుచున్న తీరు.

రాజుల చరిత్రలు, కవుల చరిత్రలు, దేశనాయకుల చరిత్రలు ఏ గ్రంథాలయమునందైనను విరివిగా లభించును. ప్రక్కవాద్యము వాయించినవారి చరిత్రలు వ్రాసినవారు తక్కువ. చదివినవారు అంతకంటెను తక్కువ. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు అట్టి యొక విద్వాంసుని జీవితమును పాఠకుల ముందుంచ దలచితిమి. వారు మన సీమవారు కారు. తెలుగు వారి ఇంటిభాషయు కాదు. అయినను తెలుగు పదములే ఆస్తిగా గల ఇంట పుట్టి, మృదంగము చేతబట్టి, సముద్రములు దాటి, మన భాషగాని మన తాళముగాని ఎరుగని పరదేశపు యువకులకు ఇంచుమించు పాతికేండ్లు ఆ విద్యను నేర్పిరి. తాము నేర్చినదానిని దాచుకొనక ఇచ్చిరి గనుకనే వారి విద్య నేటికిని బ్రతికియున్నది.

వంశము

శ్రీ రంగనాథన్ గారు 1925వ సంవత్సరమున మద్రాసు నగరమున, అనగా నేటి చెన్నైలో, జన్మించిరి. పూర్వులది తంజావూరు. తల్లి జయమ్మాళ్ గొప్ప గాయని. అమ్మమ్మ వీణ ధనమ్మాళ్. దక్షిణదేశమున వీణ యనగానే నాటి రసికులకు మొదట స్ఫురించు పేరు ఆమెదే. అక్క బాలసరస్వతి భరతనాట్యమున జగత్ప్రసిద్ధి గాంచినది. తమ్ముడు విశ్వనాథన్ వేణువాద్యమున దిట్ట. తల్లి సోదరియైన కామాక్షి కుమార్తెలు బృంద, ముక్త సోదరీమణులు పదములు పాడుటలో పేరుపొందినవారు. ఒకే ఇంట ఇందరు విద్వాంసులు పుట్టుట ఎచటనో గాని కనరాదు.

ధనమ్మాళ్ 1867లో పుట్టి 1938లో గతించినది. శుక్రవారపు సాయంత్రములయందు ఆమె ఇంట వీణ వినుటకు మద్రాసులోని మహావిద్వాంసులు వచ్చి చాపలపై కూర్చుండెడివారు. ఆమె వాద్యము బిగ్గరగా మ్రోగునది కాదు. ప్రక్కవాడు కదలినను స్వరము చెవినిబడక పోవును. కావున ఆ ఇంటికి వచ్చినవారు ఎంత గొప్పవారైనను ఊపిరి బిగబట్టి వినవలసినదే. మనుమడు రంగనాథన్ వాయించుట నేర్చుకొనక మునుపే వినుట నేర్చుకొనిన ఇల్లు అది. మృదంగము వాయించువానికి వినుటకంటె ముఖ్యమగు విద్య వేరొకటి లేదు. పాడువాని మనసు ఏ దిక్కునకు పోవుచున్నదో చెవితో పసిగట్టి, చేయి వెంటనే అటు పోవలెను.

ఆ ఇంట మాటలాడునది తమిళము. పాడునది ఎక్కువగా తెలుగు. దీనికి కారణము కలదు. 17వ శతాబ్దివాడైన క్షేత్రయ్య మన కృష్ణాతీరమందలి మువ్వవాడని ప్రతీతి. ఆయన తంజావూరు నాయకరాజుల కొలువు సందర్శించెను. ఆయన రచించిన మువ్వగోపాల పదములు ఆ సీమయందే వేరూని, దేవదాసీల ఇండ్లయందు తల్లినుండి బిడ్డకు నోటిమాటగా దిగివచ్చెను. తెలుగుదేశమున చాలమంది మరచిన పదములు తమిళదేశమున ధనమ్మాళ్ ఇంట పదిలముగ నుండెను. బాలసరస్వతి అభినయించినవి వానిలోనివే. మన సొమ్మును మనకంటె భద్రముగ దాచిన ఇల్లు గనుక, ఆ ఇంటివారి కథ వినుటకు తెలుగువారికి కొంత హక్కును, కొంత బాధ్యతయు కలవు.

కాలము మారుట

ఈ కుటుంబము దేవదాసీ సంప్రదాయమునకు చెందినది. పూర్వము దేవాలయములును, రాజాస్థానములును ఈ కుటుంబముల విద్యను పోషించెను. అయితే ఆ సంప్రదాయమున ఆడుబిడ్డలను ఊహ తెలియక మునుపే దేవునికి అర్పించుటయు, పిమ్మట వారికి సంసారజీవనము లేకుండుటయు గొప్ప అన్యాయమని డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మున్నగు సంస్కర్తలు దీర్ఘకాలము పోరాడిరి. తుదకు 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును నిషేధించు శాసనము వచ్చెను. మన కడప జిల్లాయు నాడు మద్రాసు రాష్ట్రములోనిదే గనుక ఆ శాసనము మన దేవాలయములకును వర్తించెను. ఆ మేలు నిస్సంశయమైనది.

కాని లోకము దురాచారమును నిందించుటతో ఆగక, దానితో ముడివడిన విద్యనుగూడ నిందించెను. నాట్యమాడుటయే సిగ్గుమాలిన పని యను భావము వ్యాపించెను. ఆ ఇండ్లయందలి విద్వాంసులకు పిలుపులు తగ్గెను. రంగనాథన్ గారు పుట్టిన 1925వ సంవత్సరముననే వారి అక్క బాలసరస్వతి ఏడేండ్ల ప్రాయమున కాంచీపురమున తొలి నాట్యప్రదర్శనము గావించెను. అప్పటికే ఆ విద్యకు దినములు దగ్గరపడినవని తలచువారు పలువురుండిరి. తలతరములుగా వచ్చిన విద్య తమ చేతులయందే అంతరించిపోవునేమో యను భయముతోడనే అక్కయు తమ్ములును పెరిగిరి. రంగనాథన్ గారి జీవితమును అర్థము చేసికొనవలెనన్నచో ఈ నేపథ్యమును మరువరాదు.

గురువు

బాల్యమునందే రంగనాథన్ గారిని పళని సుబ్రహ్మణ్య పిళ్ళె గారియొద్ద మృదంగమునకు చేర్చిరి. పళని వారు 1908లో జన్మించిరి. తండ్రి ముత్తయ్య పిళ్ళె గారును వాద్యవిద్వాంసులే. వారిది పుదుక్కోట సంప్రదాయము. మన భజనలయందు మ్రోగు కంజిరను కచ్చేరీ వేదికకు ఎక్కించిన మాన్పూండియ పిళ్ళె గారు ఆ సంప్రదాయమునకు మూలపురుషులు. ఆ సంప్రదాయమువారికి లెక్క ప్రాణము. ఎంత చిక్కైన లెక్కనైనను వినువారికి చిక్కుగా తోపకుండ వాయించుట వారి ప్రత్యేకత.

పళని వారికి ఎడమచేతి వాటము. మృదంగము కుడిమూత సభవైపు ఉండుట మర్యాద. ఎడమచేతివాటము వారు వాద్యమును త్రిప్పి పట్టుకొందురు గనుక, వేదికపై వారును వయొలిన్ వాయించువారును చోట్లు మార్చుకొనవలసి వచ్చును. ఇది స్వల్పవిషయముగనే కనుపించును గాని, ఈ చోటు మార్పునకు ఒప్పుకొనని విద్వాంసులవలన పళని వారికి తొలినాళ్ళయందు అవకాశములు తప్పిపోయెను. ప్రసిద్ధగాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ గారు పట్టుబట్టి, వయొలిన్ వారిని ఆవలి ప్రక్కన కూర్చుండబెట్టి, పళని వారిని తమ కచ్చేరీలయందు ముందునకు తెచ్చిరి. చేతివాటమునుబట్టి కాక చేతిపనినిబట్టి మనుష్యుని ఎంచవలెనని గురువు జీవితమే శిష్యునకు తొలిపాఠమయ్యెను.

మృదంగమును గూర్చి ఇచట రెండు మాటలు చెప్పుట యుక్తము. పనసదూలమును తొలిచి చేసిన ఈ వాద్యమునకు రెండు మూతలు. కుడిమూత నడుమ నల్లని కరణ యుండును. ఇనుపపాలు గల ఒక రాతిని పొడిచేసి, అన్నపు మెతుకులతో కలిపి, పొరమీద పొరగా రుద్ది దానిని అంటింతురు. అందువలననే ఆ వైపు గంటవలె స్వరము పలుకును. ఎడమమూతకు కచ్చేరీకి ముందు తడిపిన రవ్వముద్ద అంటించి, ముగిసినపిదప తీసివేయుదురు. అందువలన ఆ వైపు మేఘమువలె గంభీరముగ మ్రోగును. పళని వారి ఎడమమూత నాదము వినవలసినదేగాని చెప్పనలవి కాదని నాటివారు చెప్పుకొనెడివారు. ఆ నాదమే శిష్యుని చేతికి దిగెను.

ఆనాటి గురుకులమున పుస్తకము లేదు. గురువు నోట పలికిన అక్షరములను శిష్యుడు నోట పలికి, చేత తాళము వేసి, అటుపిమ్మట మూతపై వాయింపవలెను. నోటికి రానిది చేతికి రాదు. రంగనాథన్ గారు ఈ విధముగనే నేర్చి, చిన్నతనముననే కచ్చేరీలకు వాయింప మొదలిడిరి. 1962లో పళని వారు 54 ఏండ్లకే పరమపదించిరి. సరిగా ఆ కాలముననే శిష్యుని జీవితము పెద్ద మలుపు తిరిగెను.

సముద్రమునకు ఆవలినుండి వచ్చిన శిష్యుడు

ఆ మలుపునకు కారణమైనవాడు ఒక అమెరికా విద్యార్థి. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున మాంటిల్ హుడ్ అను ఆచార్యుడు సంగీతశాస్త్రమునకు ఒక క్రొత్త త్రోవ చూపెను. ఇతరదేశముల సంగీతమును గూర్చి వ్రాయువాడు ముందు ఆ సంగీతమును తానే నేర్చి వాయింపవలెనని ఆయన సిద్ధాంతము. ఆయన శిష్యులలో రాబర్ట్ బ్రౌన్ అను యువకుడు మృదంగమును ఎన్నుకొని, 1950 తరువాతి దశకపు ఉత్తరార్ధమున మద్రాసు చేరి, రంగనాథన్ గారి ఎదుట కూర్చుండెను. తల్లి కడుపుననుండి తాళము వినని చెవులకు తాళము నేర్పుట రంగనాథన్ గారికి అదియే మొదలు. ఆ శిష్యుడు నేర్చినదానినిబట్టి 1965లో మృదంగమును గూర్చి బృహద్గ్రంథమును వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. గురుకులమున నోటినుండి నోటికి మాత్రమే నడచిన విద్య ఆ విధముగ పరదేశమున శాస్త్రగ్రంథమునకు విషయమయ్యెను.

ఇటు తమ్ముడు విశ్వనాథన్ 1958లో అదే విశ్వవిద్యాలయమునకు విద్యార్థివేతనముపై వెళ్ళి, అచట వేణువును నేర్పి వచ్చెను. 1961లో జపాను రాజధాని టోక్యో నగరమున తూర్పు పడమరల సంగీతజ్ఞుల మహాసభ జరిగెను. అందు బాలసరస్వతి నాట్యమును చూచిన విదేశీయులు ఆశ్చర్యపడిరి. మరుసటి ఏట, 1962లో, ఆమె తమ్ములతో గూడ అమెరికాకు ప్రయాణమయ్యెను. మసచుసెట్స్ రాష్ట్రమున జేకబ్స్ పిల్లో అను చోట ప్రతి వేసవియందును గొప్ప నాట్యోత్సవము జరుగును. అచట ఆమె అభినయించిన తెలుగు, తమిళ పదములకు భాష తెలియని సభ మంత్రముగ్ధమయ్యెను. 1963లో స్కాట్లండు దేశమందలి ఎడింబరో ఉత్సవమునకును ఆమెను పిలిచిరి. స్వదేశమున తలవంచుకొని నడువవలసివచ్చిన విద్య పరదేశమున తలయెత్తి నిలిచెను.

మిడిల్‌టౌన్‌లో గురుపీఠము

అమెరికా ఈశాన్యమున కనెక్టికట్ అను చిన్న రాష్ట్రము కలదు. అందు నదియొడ్డున మిడిల్‌టౌన్ అను పట్టణము. అచట 1831లో స్థాపితమైన వెస్లియన్ విశ్వవిద్యాలయము ఉన్నది. మద్రాసునుండి మరలిన రాబర్ట్ బ్రౌన్ అచట అధ్యాపకుడై, ప్రపంచమందలి సంగీతములన్నియు ఒక్కచోట నేర్పు శాఖకు పునాది వేయుచుండెను. ఆయన పూనికపై 1963లో రంగనాథన్ గారు ఆ విశ్వవిద్యాలయమున ఆస్థాన విద్వాంసులుగ చేరిరి. అట్టి పదవిని అచట అలంకరించినవారిలో వారే ప్రథములు. అప్పటికి వారికి 38 ఏండ్లు.

ఆ మార్పు ఎట్టిదో ఊహింపుడు. మద్రాసులో మార్గశిరమాసమున గూడ చొక్కా విప్పి కూర్చుండవచ్చును. కనెక్టికట్‌లో ఆ నెలలయందు నేలయెల్ల మంచు కప్పుకొనును. మృదంగము తోలువాద్యము. గాలిలో తేమ పెరిగినచో మూత సడలును, ఆరినచో బిగియును. స్వరము నిలుపుటకే పూటపూటకు శ్రమపడవలెను. మూత చినిగినచో తోలు కోసి, వారు దువ్వి, కరణ రుద్ది ఇచ్చు పనివారు మద్రాసు తంజావూరులయందే యుండిరి. విద్వాంసుని ఖ్యాతి వెనుక ఆ చర్మకారుల చేతిపనియు ఉన్నదని దూరమున ఉన్నవానికి మరింత బాగుగ తెలియును.

అన్నిటికంటె పెద్ద చిక్కు బోధనలోనే ఉండెను. మన దేశమున శిష్యుడు గురువు ఇంట పదేండ్లు ఉండగలడు. తొలి నాలుగేండ్లు ఒకే పాఠమును సాధించినను అడుగువారు లేరు. విశ్వవిద్యాలయపు విద్యార్థి కొన్ని నెలలకు మాత్రమే వచ్చును. పిమ్మట కొందరు ఉందురు, పెక్కుమంది పోవుదురు. కొన్ని నెలలలో పోవువానికి పదేండ్ల విద్యలోని ముక్కను విరిచి ఇచ్చినచో వానికి దక్కునది ముక్కయే. రంగనాథన్ గారు ఈ చిక్కును తప్పించుకొనక ఎదుర్కొనిరి. మృదంగము ముట్టక మునుపే, కేవలము నోటితోను చేతి తాళముతోను అభ్యసింపదగిన పాఠములను వారు వరుసగా కూర్చిరి. ప్రతి పాఠమును చిన్నదైనను పూర్తియైన రచన. ఎత్తుగడయు, నడకయు, ముక్తాయింపును అందు ఉండును. చిన్న గిన్నెలో పోసినను పాయసము పాయసమే యగునట్లు వారు చూచిరి.

ఆ బోధన స్వరూపము మన పిల్లలకును తెలియుట మంచిది. మొదట త, ది, తొం, నం అను అక్షరములు. తరువాత లెక్కకు వచ్చు పలుకులు: తకిట యన్నచో మూడు, తకధిమి నాలుగు, తకతకిట ఐదు, తకిటతకధిమి ఏడు, తకధిమితకతకిట తొమ్మిది. ఈ ఐదింటితోనే లయప్రపంచమంతయు నిర్మితము. ఆదితాళమున ఎనిమిది దెబ్బలు. దెబ్బకు నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనమునకు 32 మాత్రలు. తదిగిణతొం అను పలుకునకు ఐదు మాత్రలు. దానిని మూడు మారులు పలికినచో 15. ఆవర్తనములో 17 మాత్రలు గడచిన పిదప దీనిని ఎత్తుకొన్నచో 15 మాత్రలలో ముక్తాయింపు ముగిసి, వెంటనే వచ్చు మొదటి దెబ్బపై పాట వచ్చి కలియును. కూడికలు తెలిసిన ఏ పిల్లవాడైనను కాగితముపై ఈ లెక్కను వేయగలడు. చేతితో తాళము వేయుచు, నోటితో తప్పకుండ పలికి, సరిగా ఆ చోటికి చేరుట మాత్రము అభ్యాసమువలననే సాధ్యము. లెక్క బుద్ధికి తెలిసినచో చాలదు, దేహమునకు తెలియవలెను. ఆ తేడాను చూపుటయే గురువు పని.

ఈ విద్య నేర్చుకొనుటకు వచ్చినవారు ఏ కులమువారని, ఏ మతమువారని, ఏ రంగువారని రంగనాథన్ గారు చూడలేదు. తాము పుట్టిన సంప్రదాయమును లోకము ఏ దృష్టితో చూచినదో వారికి తెలియును. నేర్వగోరుటయే అర్హత యను నియమమును వారు పాటించిరి. నడుమ కొంతకాలము కాలిఫోర్నియాలోని ఒక కళాసంస్థయందును నేర్పి, మరల మిడిల్‌టౌన్ చేరి, తుదివరకు అచటనే బోధించిరి. విశ్వనాథన్ గారును అదే విశ్వవిద్యాలయమున అధ్యాపకులైరి. 1970 తరువాతి దశకమునుండి అచట ఏటేట నవరాత్రి ఉత్సవము సాగుచున్నది. శరదృతువున ఆకులు ఎర్రబారు ఆ చలిసీమలో దసరా దినములయందు కర్ణాటక సంగీతపు కచ్చేరీలు జరుగుట ఆ సోదరుల నివాసఫలమే.

శిష్యులు

రంగనాథన్, విశ్వనాథన్ సోదరులయొద్దను, బాలసరస్వతియొద్దను శుశ్రూష చేసినవారిలో జాన్ హిగిన్స్ ముఖ్యుడు. 1939లో అమెరికాలో పుట్టిన ఇతడు వెస్లియన్ విద్యార్థి. కర్ణాటక గాత్రమును నేర్చి, మద్రాసు చేరి సాధన చేసి, 1965లో తిరువయ్యూరు త్యాగరాజ ఆరాధనోత్సవమున పాడెను. తెల్లనివాడు కూర్చుండి మన త్యాగయ్యగారి తెలుగు కీర్తనములను చక్కని ఉచ్చారణతో పాడుచుండగా విని ముదుసలి రసికులును తలయూచిరి. మనవారే అతనిని భాగవతారని పిలువసాగిరి.

1971లో హిగిన్స్ కెనడా దేశమున టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయమున కర్ణాటక సంగీతశాఖను నెలకొల్పెను. అచట మృదంగము నేర్పుటకు వచ్చినవారు తిరుచ్చి శంకరన్. వారును పళని సుబ్రహ్మణ్య పిళ్ళె గారి శిష్యులే. ఒకనాడు వేదికపై చోటు దొరకక బాధపడిన ఎడమచేతివాటపు గురువు విద్య ఆ విధముగ ఇద్దరు శిష్యులమూలమున రెండు దేశముల విశ్వవిద్యాలయములయందు పీఠము సంపాదించుకొనెను.

డేవిడ్ నెల్సన్ అను శిష్యుడు మృదంగమునే జీవితముగ చేసికొనెను. తని ఆవర్తనమును గూర్చి పరిశోధించి 1991లో వెస్లియన్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. పిదప గురువువలెనే అచట బోధించెను. గురువు నేర్పిన పద్ధతి ననుసరించి నోటి పలుకుల అభ్యాసమునకు ఒక పాఠ్యగ్రంథమును రచింపగా అది 2008లో వెలువడెను. డగ్లస్ నైట్ అను మరియొక శిష్యుడు బాలసరస్వతి కుమార్తె లక్ష్మిని వివాహమాడి, బాలసరస్వతి సమగ్రజీవితచరిత్రను 2010లో ప్రకటించెను. మృదంగము నేర్వవచ్చినవాడు గురువు ఇంటి చరిత్రకు లేఖకుడగుట ఈ గురుశిష్యబంధము ఎంత గాఢమైనదో తెలుపును.

అవసానము

1973లో మద్రాసు సంగీత అకాడమీ బాలసరస్వతికి సంగీతకళానిధి బిరుదమును ఇచ్చెను. నాట్యకళాకారిణికి ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. 1977లో భారతప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ బిరుదము నొసగెను. అక్కకు పేరు వచ్చిన కొలది తమ్ముడు తెరమరుగుననే ఉండెను. ప్రక్కవాద్యమునకు పుట్టినవాని వినయము అట్టిది.

1984వ సంవత్సరము ఆ కుటుంబమునకు దుస్సహమైనది. ఫిబ్రవరిలో బాలసరస్వతి మద్రాసులో కన్నుమూసెను. డిసెంబరులో జాన్ హిగిన్స్ మిడిల్‌టౌన్‌లోనే వాహనము ఢీకొని 45 ఏండ్ల వయసున మరణించెను. అక్కను, బిడ్డవంటి శిష్యుని ఒక్క ఏటనే పోగొట్టుకొన్నను రంగనాథన్ గారు బోధన మానలేదు. మూడేండ్ల పిదప, 1987లో, 62 ఏండ్ల ప్రాయమున వారును పరమపదించిరి. తమ్ముడు విశ్వనాథన్ గారు 2002వరకు జీవించి వేణువు నేర్పిరి.

1963 మొదలు 1987 వరకు లెక్కించినచో 24 ఏండ్లు. రజతోత్సవమునకు ఒక్క ఏడు తక్కువ. ఒక మనుష్యుడు తన విద్యతో అంత కాలము నిలిచి, వచ్చినవారికెల్ల ఇచ్చి, ఒక పరదేశమున లయజ్ఞానమునకు విత్తు నాటి పోయెను.

మనము గ్రహింపవలసినది

మన కడప సీమలోని తాళ్ళపాకయందు 15వ శతాబ్దిలో అన్నమాచార్యుడు పుట్టెను. ఆయన సంకీర్తనములను వంశీయులు రాగిరేకులపై చెక్కించిరి. తిరుమల దేవాలయపు చిన్న గదిలో శతాబ్దములకొలది మరుగుపడియుండి, 20వ శతాబ్దిలో అవి వెలుగులోనికి వచ్చెను. రేకుపై మాట నిలిచెను. ఏ పాట ఏ రాగమున పాడవలెనో ఆ పేరును నిలిచెను. కాని ఆయన స్వయముగ పాడిన వరుస నిలువలేదు. నడుమ పాడి, పాడించి, నేర్పినవారి గొలుసు తెగిపోయెను గనుక నేడు మనము వినునవి తరువాతివారు కట్టిన వరుసలు. రాగిరేకు సైతము దాచలేనిది కలదు. దానిని మనుష్యుని గొంతును చేయియు మాత్రమే దాచగలవు. రంగనాథన్ గారు చేసిన పని విలువ ఎంతో తాళ్ళపాకవారి గొలుసు తెగిన కథతో పోల్చి చూచినచో మనకు బోధపడును. వారు ఇవ్వకున్నచో ఆ చేతితీరు వారితోనే పోయెడిది.

అట్లని గ్రంథము నిరర్థకమని కాదు. రంగనాథన్ గారి శిష్యులు గురువునొద్ద నేర్చినదానిని నేర్చినట్లు వ్రాసిపెట్టిరి. పుస్తకము గురువునకు బదులు కాదు. గురువు ఇంటికి దారి చూపునది. గురువును పుస్తకమును రెండును ఉన్నచోటనే విద్య నిలుచును. గ్రంథాలయమునకును రంగనాథన్ గారికిని ఒక పోలికయు కలదు. ఇద్దరును వచ్చినవానిని నీ వెవరివాడవని అడుగక, ఏమి కావలెనని మాత్రము అడుగుదురు.

మన ఇడుపులపాయకు నేడు ఎక్కడెక్కడి జిల్లాలనుండియో పిల్లలు ఉన్నతవిద్యకై వచ్చి, ఇల్లు విడిచి ఉండి చదువుకొనుచున్నారు. దూరదేశమున ఉండుట ఎట్టిదో వారికి తెలియును. ఆ పిల్లలును, మన ఊరి పిల్లలును ఒక పని చేయవచ్చును. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతపు పల్లెలలో భజనలకు మృదంగము వాయించు పెద్దలు, చెక్కభజన నేర్పు గురువులు, పెండ్లిడోలు పట్టు విద్వాంసులు ఇంకను ఉన్నారు. వారియొద్దకు పోయి, వారి పేరు అడిగి, వారికి ఎవరు నేర్పిరో అడిగి, ఒక్క నడకయైనను నోటితో పలికించుకొని నేర్చుకొనుడు; నేర్చినదానిని ఒక పుస్తకమున వ్రాసి తెచ్చి ఈ గ్రంథాలయమున ఉంచుడు. సముద్రములు దాటి వచ్చి మన తాళమును నేర్చినవారుండగా, వీధి దాటి పోయి నేర్చుట మనకు భారము కాకూడదు.